మామ పోయాడని ఊరంతా చెప్పిన రోజు

పెద్ద బిరుదులన్నీ పలుకుబడి ఉన్నవాళ్ళకే పోతాయని మా స్టాఫ్‌రూములో ఎవరైనా నిట్టూరిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పద్మశ్రీకి ఎవరి పేరునైనా ఎవరైనా పంపవచ్చు, చేతిలో ఉన్న ఫోనులోంచే పంపవచ్చు. పంపకుండా కూర్చుని నిట్టూర్చేవాళ్ళంటే నాకు గిట్టదు. అందుకే ఎర్రగుంట్లలో తెలుగు టీచరుగా పనిచేసే నేను మా మేనమామ పేరు పంపాను.

మామది రాజంపేట దగ్గర పల్లె, నేను పెరిగిందీ అక్కడే. చెక్కభజన గురువు. చేతుల్లో చెక్కలు వాయిస్తూ, కాళ్ళకు గజ్జెలు కట్టి, పాడుతూ ఆడే ఆట అది. ఏ ఊరివాళ్ళు పిలిచినా వెళ్ళి, పొలం పనుల్లేని రోజుల్లో అక్కడే ఉండి నేర్పి, చివర గజ్జెపూజ చేయించి వస్తాడు. ఆయనది ఒక్కటే షరతు. ఊళ్ళో రెండు వర్గాలుంటే రెండు వర్గాల కుర్రాళ్ళూ రావాలి, ఎదురెదురుగా నిలబడి జతకట్టాలి. కాదంటే సంచి భుజాన వేసుకుని వచ్చేస్తాడు. మా సీమలో ఇది చిన్న షరతు కాదు. ఎదుటివాడి చెక్క ఎప్పుడు పడుతుందో చూసుకోకపోతే అడుగు తప్పుతుంది. ఇంట్లో ఎంత పగ ఉన్నా వాడి ముఖం చూడక తప్పదు. నేను రాసి పంపింది ఇదే. ఎనిమిది వందల మాటలకు మించకూడదన్నారు, కోయలేక చచ్చాను. రాకపోతే ఊళ్ళో ఎగతాళి చేస్తారని మామకు మాత్రం చెప్పలేదు.

చలికాలంలో ఒకరోజు తొమ్మిదో తరగతికి సంధులు చెబుతుంటే ఏదో ఆఫీసు నుంచి ఫోను వచ్చింది.

"మేడమ్, మీరు పద్మశ్రీకి పంపిన పెద్దమనిషి చనిపోయారట కదా. మావాళ్ళు ఊరికి పోయి విచారించారు. బతికున్నవాళ్ళ పేర్లే పంపాలి మేడమ్."

మామకు ఫోను చేస్తే ఎత్తలేదు. ఆయన ఎప్పుడూ ఎత్తడు, కానీ ఆ రోజు ఎత్తకపోవడం వేరు. సెలవు చీటీ కూడా రాయకుండా రైలెక్కి, నందలూరు దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను. నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి పోతే నాకొక కబురు పెట్టేవాడే లేడా అని ఊరి మీద చెప్పలేనంత కోపం వచ్చింది.

ఆటో దిగేసరికి టీ అంగడి బల్ల మీద కూర్చుని మామ బోండా తింటున్నాడు.

"ఏమ్మీ, చెప్పాపెట్టకుండా వచ్చినావు?"

ఆయన్ని పట్టుకుని బజారని కూడా చూడకుండా ఏడ్చాను. "సచ్చిపోయినావని చెప్పినారు మామా!"

అంగడాయన నీళ్ళ గ్లాసు అందిస్తూ నవ్వాడు. "అది మేం చెప్పిందే లేమ్మా."

పోయిన వారం బండి మీద ఇద్దరొచ్చారట. "మామూలు గుడ్డలే గానీ, బూట్లు చూస్తే తెలీదా పోలీసోళ్ళని? ఆయప్ప ఎట్టాంటోడు, కేసులేమన్నా ఉండాయా, యాడుంటాడు అని అడుగుతాండారు. ఎవురో గిట్టనోళ్ళు ఇరికిచ్చినారనుకున్యాం. పోయినాడు సార్, శానా రోజులాయ అని చెప్పేసినా."

మా ఊళ్ళోనూ వీధికొక వర్గం. ఆ ఇద్దరూ నమ్మక, అవతలి వీధికి పోయి ఎదుటి వర్గం పెద్దాయన్ని అడిగారు. ఈ వీధివాళ్ళు ఔనంటే కాదనడమే ఆయనకు తెలుసు. చావుకైనా ఈ పక్కకు అడుగుపెట్టడు. అలాంటి మనిషి, ఎవరూ చెప్పకుండానే, "ఔను సార్, పాపం మంచోడు. పాడె నేనే మోసినా" అన్నాడట. తిరిగి పోతూ ఆ ఇద్దరూ అంగడి దగ్గర ఆగి మామనే అడిగారు, ఆయన మీకు తెలుసా అని. "ఒక మాదిరిగా తెలుసు సార్" అన్నాడట మామ.

అందరూ విరగబడి నవ్వారు. నాకు తిక్క రేగింది.

"వాళ్ళొచ్చింది పట్టుకపోయేదానికి కాదు. పద్మశ్రీ ఇచ్చేముందు మంచీచెడ్డా ఊళ్ళో అడిగి పోతారు!"

మామ చేతిలో బోండా పక్కన పెట్టాడు. "నాకా?" అన్నాడు. "ఢిల్లీకి గజ్జెలు కట్టుకోని పోనిస్తారా?" అని అడిగాడు. ఆయనకు ఆశ ఉంటుందని నేనెన్నడూ అనుకోలేదు.

కబురు తెలిసి అవతలి పెద్దాయన అంగడి దాకా వచ్చాడు. మరునాడు అంగడాయన, ఆయన, ఒకే బండి మీద రాజంపేటకు పోయి, మేం చెప్పింది అబద్ధం సార్ అని ఒప్పుకుని వచ్చారు. పిలవకుండా పోలీస్ స్టేషన్ గడప తొక్కినవాడు మా ఊళ్ళో అంతకుముందు లేడు. కానీ ఆలస్యమైపోయింది. జనవరిలో వచ్చిన జాబితాలో మామ పేరు లేదు.

నేను ఊరుకుంటానా? ఈ ఏడు మళ్ళీ పంపాను. ఎవరు గొప్పవాళ్ళో తేల్చడానికి కమిటీ కూర్చుంటుంది, కూర్చోనీ. తేల్చడానికి కావలసినదంతా నా దగ్గర ఉంది. పాత దరఖాస్తులో సగం కొట్టేసి, ఆయన్ని కాపాడటానికి మా ఊరి రెండు వర్గాలూ మాట్లాడుకోకుండానే ఒకే అబద్ధం ఎలా చెప్పాయో రాశాను. ముందుగా మాత్రం, పైన మొట్టమొదటి వాక్యంగా, ఇంకెవరినీ అడిగే పని లేకుండా ఇది రాశాను: ఈయన బతికే ఉన్నారు.