జంట నక్షత్రం, యతిరాజులు సారు

యతిరాజులు సారు దేన్నయినా మూడుసార్లు చూడనిదే నమ్మరు. ఒకసారి పాకాలలో బస్సెక్కి, “ఇది చిత్తూరు పోతాదా?” అని మూడోసారి అడిగితే, “బోర్డు సూడు సామీ!” అని కసిరాడు కండక్టరు.

“బోర్డు కూడా మనిషి పెట్టిందే గదప్పా,” అన్నారు సారు. అప్పటికి బస్సు సగం దూరం పోయింది.

ఫిజిక్సు పాఠాలు చెప్పి రిటైరై, పలమనేరులో మిద్దె మీద టెలిస్కోపు పెట్టుకున్నారాయన. తిరుపతిలో పరిశోధన చేస్తున్న స్రవంతికి ఆయనే గురువు, ఆ మిద్దే ప్రయోగశాల. కానీ ఆ సాయంత్రం మాత్రం ఆయన్ని చూస్తేనే ఆమెకు ఒళ్లు మండుతోంది.

ఆమె పట్టుకున్నది కంటికి ఆనని మసక జంట నక్షత్రం. నూరేళ్ల కిందటి కొలతతో పోలిస్తే, రెండోది మొదటిదాని చుట్టూ సగానికి పైగా తిరిగేసినట్టు తేలింది. అంత వేగంగా తిరగాలంటే ఆ జంట సూర్యుడికి యాభై రెట్లు బరువుండాలి. గొప్ప ఫలితం! సదస్సుకు పరిశోధన పత్రం రాత్రి తొమ్మిదిలోగా పంపాలి. పది రోజులుగా సారుది ఒకటే పాట.

“ఇంకొకసారి సూడమ్మా.”

“రెండుసార్లు సూసినాను గదా సార్!”

“మూడోసారి సూడలేదే!”

ఏడున్నరయింది. నక్షత్రం పడమటికి వాలిపోతోంది. బెంగుళూరు వైపు నుంచి మబ్బు తోసుకొస్తోంది.

“మూసేస్తాది సార్! ఉన్నదే పంపించేస్తాను.”

“ఇంకా ఐదు నిమిషాలుండాది.”

“మీకెట్ల తెలుసు?”

“మబ్బును మూడుసార్లు సూసినా.”

పళ్లు కొరుక్కుంటూ ఆమె టెలిస్కోపుకు కన్ను ఆనించింది. ఆ కాసేపూ గాలి నిలిచింది. రెండు నారింజ చుక్కలు సూది మొనల్లా విడివడ్డాయి. కుడివైపుది రవ్వంత ఎక్కువ వెలుగుతోంది!

జంటలో ఎక్కువ వెలిగేదాన్నే మొదటిదిగా లెక్కపెట్టాలి. ముందు చూసిన రెండు రోజులూ మంచు కమ్మి రెండూ ఒకేలా కనబడితే, ఆమె మసకదాన్ని మొదటిదిగా పెట్టుకుంది. అక్కణ్ణుంచి కొలిస్తే దిక్కే తిరగబడుతుంది. అంటే ఆ సగం చుట్టు అబద్ధం. నూరేళ్లలో జరిగింది పన్నెండో వంతే. రెండూ కలిసినా సూర్యుడంత బరువు, వెయ్యేళ్లకు పైన పడితే ఒక చుట్టు.

ఆ మరుక్షణం మబ్బు మూసుకుంది. స్రవంతి లెక్కలన్నీ మార్చి, తొమ్మిదికి పది నిమిషాలుండగా పంపింది.

అప్పుడు కంటబడింది సారు నోటుపుస్తకం. పది రోజుల కిందటి తేదీ కింద ఆయన రాత: “మొదటిదీ రెండోదీ తారుమారు.”

“సార్! మీకు ముందే తెలుసా? ఎందుకు సెప్పలేదు?”

“నేను సెప్పింటే అది నేను కనుక్కున్నది అయిపోతాది. కాగితం మింద నీ పేరు గదమ్మా ఉండేది.”

“నాకు దొరక్కపోయింటే?”

అన్నానికి పిలవడానికి మిద్దెక్కిన సారు భార్య పద్మాక్షమ్మ దానికి బదులు చెప్పింది.

“ఆ భయంతోనే గదమ్మా పదిరోజులుగా ఈయనకి ముద్ద దిగలేదు! మబ్బొస్తే మబ్బును తిట్టేది, మబ్బు పోతే ‘ఆ పాప ఫోన్ సేసిందా’ అని నన్ను పీక్కు తినేది.”

సారు చప్పున తల పైకెత్తి, ఒక్క చుక్కయినా లేని ఆకాశంలో ఏదో అతిముఖ్యమైనదాన్ని వెతకసాగారు.