నేను కొన్న మొదటి ఇంట్లో ఒకావిడ

నేను కొన్న మొదటి ఇంటికి తాళం తీసి లోపల అడుగు పెట్టేసరికి అన్నం ఉడుకుతున్న వాసన వచ్చింది.

ఇల్లు ఖాళీ అని చెప్పి అమ్మారు. రిజిస్ట్రేషన్ అయిన దగ్గర్నుంచి తాళంచెవి నా బ్యాగులోనే ఉంది. సున్నం వేయించే ముందు గోడలు ఒకసారి చూసుకుందామని ఆదివారం పొద్దున్నే ఒక్కదాన్నే వెళ్లాను. వాసన పక్కింటిదేమో అనుకున్నాను. ఇంతలో పెరటివైపు నుంచి గిన్నె మీద మూత తీసిన చప్పుడైంది.

వెనక తలుపు గడియ తీశాను. పెరటి వసారాలో, యాభై దాటిన ఒకావిడ చిన్న గ్యాస్ పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుని గంజి వారుస్తోంది. తలస్నానం చేసినట్టుంది, జుట్టుకి తువ్వాలు చుట్టి ఉంది. నన్ను చూసి ఆవిడేమీ కంగారు పడలేదు.

"అద్దెకి సూడ్డానికొచ్చేరా అమ్మా?" అని అడిగింది.

"ఈ ఇల్లు నేను కొన్నానండి" అన్నాను.

ఆవిడ గంజి వార్చడం ఆపలేదు. చివరి చుక్క దాకా వార్చి, గిన్నె నిలబెట్టి, చేతులు కడుక్కుని, అప్పుడు నా మొహంలోకి చూసింది. "ఎవలమ్మేరు?"

నా సంగతి కొంచెం చెప్పాలి. నర్సీపట్నంలో ఒక దస్తావేజు లేఖరి దగ్గర పదకొండేళ్లుగా టైపు చేస్తున్నాను. ఊళ్లో వాళ్ల ఇళ్లు, స్థలాలు, జీడితోటలు అన్నీ నా వేళ్ల కిందుగానే చేతులు మారాయి. మాకంటే తక్కువ సంపాదన ఉన్నవాళ్లు కూడా రెండు మూడు స్థలాలు కొనుక్కుని అద్దెల మీద నిలదొక్కుకోవడం చూశాను. మా ఆయన ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు. సొంత ఇల్లే లేనివాళ్లం అద్దెకివ్వడానికి ఇల్లు కొనడమేమిటని ఆయన మొదట నవ్వాడు. తర్వాత, ఆ పనులు నీకే తెలుసు, నువ్వే చూసుకో అన్నాడు. అవును, నాకే తెలుసనుకున్నాను.

బలిఘట్టం వెళ్లే రోడ్డు నుంచి లోపలికి ఒక సందు. అందులో ముందు రెండు గదులు, వెనక ఒక గది, చిన్న పెరడు ఉన్న పాత ఇల్లు. అమ్మేవాడికి పాయకరావుపేటలో సెల్‌ఫోన్ల షాపు ఉంది. తండ్రి పోయాక ఇల్లు చూసుకునేవాళ్లు లేరని అమ్ముతున్నాడని బ్రోకరు చెప్పాడు. మేం చూడ్డానికి వెళ్లినప్పుడు వెనక గదికి తాళం వేసి ఉంది. అందులో నాన్న పాత సామాను ఉందని, తర్వాత తీయించేస్తానని అమ్మేవాడు అన్నాడు. మా లేఖరి రైటరుగారు మాత్రం, వారసులెవరెవరో తేల్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తెప్పించమని రెండుసార్లు గుర్తుచేశారు. ఇంకొకళ్లెవరో అడ్వాన్సు ఇవ్వడానికి వస్తున్నారని బ్రోకరు తొందరపెట్టాడు. ఆ ఇల్లు చేజారిపోతుందని నాకు భయం పట్టుకుంది. సర్టిఫికెట్ సంగతి వదిలేశాను. వేరేవాళ్లు కొంటుంటే నేనే ఆపి ఉండేదాన్ని.

ఇప్పుడు ఆవిడ ఎదురుగా నిలబడి ఫోన్లో ఉన్న దస్తావేజు చూపించాను. అమ్మినవాడి ఫోటో మీద ఆవిడ వేలు పెట్టింది. "మా తమ్ముడే" అంది. ఆ వెంటనే, "నాకు సదువు అంతగా రాదు. ఇందులో నా గురించి ఏటి రాసున్నాదో సదివి సెప్పు" అంది.

చదవడం మొదలుపెట్టాను. 'మా తండ్రిగారు కాలం చేసినందున, వారికి నేను ఒక్కడినే వారసుడినైనందున' అన్నచోట ఆగిపోయాను. ఆ మాట ఎక్కడో అచ్చయి వచ్చింది కాదు. అతను చెప్తుంటే నేను టైపు చేసిందే. ఒక్కక్షణం కూడా ఆగకుండా, ఎంతోమందికి చేసినట్టే చేశాను.

"నాను బతికే ఉన్నాను కదమ్మా" అంది ఆవిడ.

కోపంగా అనలేదు. లెక్కలో ఏదో పొరపాటు దొర్లిందేమో మళ్లీ చూడమన్నట్టు అంది. ఫోన్ పక్కన పెట్టేసి వసారా గట్టు మీద కూర్చున్నాను. ఆవిడే లేచి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చిచ్చింది.

తర్వాత ఆవిడ చెప్పిన సంగతులు ఇవి. భర్త పోయాక తండ్రి ఆ వెనక గది ఆవిడకి ఇచ్చాడు. ఏజెన్సీ కొండల్లో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. పిల్లలున్నన్నాళ్లూ అక్కడే, సెలవులిస్తే ఇక్కడికి. పెరటికి వేరే గేటుంది, ఆ తాళంచెవి ఆవిడ కొంగునే ఉంటుంది. ముందురోజు సాయంత్రం బస్సు దిగి, ఎప్పటిలాగే గది తెరుచుకుని పడుకుంది. ఇల్లు అమ్ముడైపోయిందని ఆవిడకి చెప్పినదాన్ని నేనే.

నేను పెరటి పక్క సందులోకొచ్చి బ్రోకరుకి ఫోన్ చేశాను. అతను కొంచెమైనా తొణకలేదు. "దానికేటండి మేడమ్. సెలవులైపోతే ఆవిడ ఎల్లిపోద్ది. అప్పుడు తాళం మార్చీసి సామాను తమ్ముడింటికి పంపీసీండి. సదువు లేని మనిషి, కోర్టుకెక్కడెల్తాది?" అన్నాడు. నాకు మతిపోయింది అతని మాటలకి కాదు. సెలవులు ఇంకెన్ని రోజులున్నాయో అని ఆ క్షణంలో నా మనసు లెక్కేసింది. అది పట్టుకోగానే నా మీద నాకే అసహ్యం వేసింది. తాళమేమీ మార్చనని గట్టిగా చెప్పి ఫోన్ పెట్టేశాను.

సోమవారం రైటరుగారికి అంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. తిట్టలేదు. తల్లి ముందే పోయింది, తండ్రి వీలునామా రాయలేదు కాబట్టి కూతురికి సగం హక్కుందనీ, తమ్ముడు తనది కాని సగం కూడా నాకు అమ్మాడనీ, నా దస్తావేజు సగం ఇంటికే చెల్లుతుందనీ నెమ్మదిగా చెప్పారు. అవన్నీ నాకు తెలిసినవే. నా ఇంటి గురించి వింటుంటే మాత్రం కొత్తగా విన్నట్టు ఉంది.

ఆ వారంలోనే తమ్ముణ్ని పిలిపించాం. రైటరుగారి గదిలో నలుగురం కూర్చున్నాం. అతను గట్టిగా అరుస్తాడని, దబాయిస్తాడని అనుకున్నాను. అక్కని చూడగానే అతని మొహం పాలిపోయింది. షాపు మూతపడే స్థితిలో ఉందన్నాడు. నెమ్మదిగా చెప్దామనే అనుకున్నానన్నాడు.

"నువ్వెలాగూ అక్కడే ఉంటన్నావు కదప్పా" అన్నాడు.

అక్కని అప్పా అని పిలవడం మా వైపు అలవాటు. ఆ పిలుపుకి ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు.

"ఒక్కమాట సెప్పు. నాను సచ్చిపోయేనని రాయించేవా, పుట్టనేలేదని రాయించేవా?"

అతను చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ కాగితం టైపు చేసిన మనిషిని నేనే కాబట్టి, ఆ ప్రశ్న నన్ను కూడా అడిగినట్టే అనిపించింది. "నేనూ అడగాల్సిందండి. అడగలేదు" అన్నాను. ఆవిడ నావైపు తిరిగి తలాడించింది, ఊరుకో అన్నట్టు.

ఏం కావాలని రైటరుగారు ఆవిడనే అడిగారు. డబ్బు అక్కర్లేదంది. వెనక గది, పెరడు తన పేరు మీద కాగితం ఉండాలంది. ముందు గదులు నన్ను ఉంచుకోమంది. తమ్ముణ్ని పోలీసుల దగ్గరికి లాగొద్దంది. అక్క సగానికి తీసుకున్న డబ్బు నాకు వెనక్కిస్తానని అతను ఒప్పుకున్నాడు. ఆలస్యంగానే అయినా ఇచ్చాడు. కొత్త కాగితాల మీద ముగ్గురం సంతకాలు పెట్టాం. బ్రోకరు తర్వాత కూడా రెండు మూడు ఇళ్లు ఉన్నాయని ఫోన్ చేశాడు. ఏమీ జరగనట్టే మాట్లాడాడు.

నేను అద్దెలొచ్చే ఇంటికి ఓనరునయ్యాను గానీ, అనుకున్నదాంట్లో సగానికే. ఇంక చాలు, ఈ స్థలాల జోలికి పోనని మా ఆయనతో అన్నాను. ముందు గదుల్లో కొత్తగా పెళ్లయిన టీచర్ల జంట దిగింది. అద్దె తీసుకోవడానికి వెళ్లినప్పుడల్లా పెరట్లో ఆవిడ గదికి తాళం వేసి ఉందో లేదో చూసేదాన్ని. సెలవులకి వచ్చినప్పుడు వాళ్ల నీళ్ల ట్యాంకు బాగుచేయించడం, బిడ్డ పుడితే నీళ్లు పోయడం అన్నీ ఆవిడే చూసుకునేది.

రెండేళ్ల తర్వాత వేసవిలో ఒకరోజు ఆవిడ నేరుగా మా ఆఫీసుకొచ్చింది. మధ్యాహ్నం ఎండలో నడిచొచ్చి, మెట్ల మీద కూర్చుని, కొంచెం ఊపిరి తీసుకుంది. హాస్టల్లో తనతో పనిచేసే ఒకామె నక్కపల్లి వైపు చిన్న స్థలం అమ్ముతోందంది. ఒక్కదాన్నే కొనలేనంది.

"సగం నాను ఏసుకుంటాను, సగం నువ్వేసుకో. కాగితం నువ్వే సూడు. మనిషిని నాను సూస్తాను" అంది.

ఆవిడ ఇంటిని ఆవిడకి తెలియకుండా అమ్మిన కాగితం టైపు చేసినదాన్ని నేను. ఊళ్లో ఇంతమంది ఉండగా నా దగ్గరికే ఎందుకొచ్చారని అడిగాను. ఆవిడకి ఆ ప్రశ్నే వింతగా తోచినట్టుంది. "ఆవేళ తాళం మార్చీకుండా ఊరుకున్నావు కదా" అంది. బ్రోకరు ఫోన్లో ఇచ్చిన సలహా ఆవిడకి ఎలా తెలిసిందో నేనెప్పుడూ అడగలేదు. సందులో నిలబడి గట్టిగానే మాట్లాడానేమో. పెరటి గోడ మరీ ఎత్తైనది కాదు.

మూడోరోజు పొద్దున స్థలం చూడ్డానికి ఇద్దరం నక్కపల్లి బస్సెక్కాం. ఆవిడ కిటికీ పక్క సీటు నాకిచ్చి, తను ఇవతల కూర్చుని, కండక్టరు రాగానే ఇద్దరికీ టికెట్లు తీసింది.