పదకొండు సెకన్ల కంప్యూటరు, మేనమామ పేరు

మా దుకాణంలో కంప్యూటరు లేవడమంటే చిన్న తతంగం కాదు. బాపు షట్టర్ ఎత్తి, స్విచ్ వేసి, నేల ఊడ్చి, గడప ముందు నీళ్లు చల్లి, అగరుబత్తి వెలిగించి, ఎదురు హోటల్లో చాయ్ చెప్పి వచ్చేసరికి తెర మీద నీలిరంగు కనిపించేది. రంగు మాత్రమే. మిగతావి రావాలంటే చాయ్ తాగడం పూర్తి కావాలి. కరీంనగర్‌లో టవర్ సర్కిల్ వెనక గల్లీలో పెండ్లి పత్రికలు అచ్చువేసే దుకాణం మాది. పెట్టింది బాపు, కంప్యూటరు మీద పత్రిక తయారుచేసేది నేను. ఆ కంప్యూటరు మీద మేము వేసిన మొదటి పత్రిక జంటకు ఇప్పుడు హైస్కూలుకు పోయే పిల్లలున్నారు.

లేచిన తర్వాత కూడా దాని బద్ధకం వదిలేది కాదు. పత్రిక తెరిస్తే చక్రం, ఒక పేరు మారిస్తే చక్రం, భద్రపరిస్తే చక్రం. నేను ఆ చక్రాన్ని చూస్తూ పళ్లు కొరుక్కునేదాన్ని. బాపు మాత్రం ఆ సందులోనే కస్టమర్లను పట్టుకునేవాడు.

"పిల్ల పెద్దనాయిన పేరు రాసిన్రా? మేనత్త పెనిమిటి? ఆయనకు జర కోపమెక్కువ అంటివి గదా, పైకి పెట్టు. ఇంటామె రాలేదా? ఫోన్ కొట్టు, ఒక్కపారి ఆమెను గూడ అడుగు."

వచ్చినవాళ్ల ఇంటి గొడవలన్నీ మాకెందుకని నాకు ఒళ్లు మండేది. ఈయన నోరు మూతపడాలంటే కంప్యూటరు వేగం పెరగాలి, ఇంకో దారి లేదు అనుకున్నాను. కన్నతండ్రి గురించి అలా అనుకోకూడదు. అనుకున్నాను మరి.

మా కంప్యూటర్లకు వైద్యం చేసే భాయ్ ఒకాయన ఉన్నాడు. పిలిస్తే వచ్చి, మూత విప్పి, దుమ్ము చూసి, "యా అల్లా" అని నిట్టూర్చి పని మొదలుపెడతాడు.

"అక్కా, కొత్త కంప్యూటర్ గిట్ల ఏం వద్దు. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ ఏసుకో. ఫికర్ చెయ్యకు, నీ పరేషాన్ అంతా ఖతం."

పాతది ఇటుకలా బరువుగా ఉంది. కొత్తది పేకముక్క కంటే కాస్త వెడల్పు, అరచేతిలో పెడితే ఉన్నట్టే లేదు. ఇంత దాంట్లో మా అన్ని పెండ్లిళ్లు పడతాయా అని బాపు అనుమానపడ్డాడు. భాయ్ అన్నీ అందులోకి ఎక్కించి, వైర్లు పెట్టి, మూత బిగించకుండానే స్విచ్ వేశాడు. నేను ఫోన్లో టైము పెట్టాను. పదకొండు సెకన్లు.

ఆపి మళ్లీ వేశాను. పదకొండే. ఇంకోసారి వేశాను. ఐదోసారికి బాపు వచ్చి స్విచ్ మీద చెయ్యి పెట్టాడు.

"లేపుడు పండవెట్టుడు, లేపుడు పండవెట్టుడు. దానికి గూడ పానం ఉంటది, ఇడువరాదు."

నాకు తృప్తి ఎక్కడిది? ఆ సాయంత్రమే వేగం కొలిచే ప్రోగ్రామ్ ఒకటి వేసి చూశాను. డబ్బా మీద సెకనుకు ఐదు వందల ఎంబీలు దాటి రాసుంది, నాకు అందులో సగం కూడా సరిగ్గా రాలేదు. వెంటనే భాయ్‌కి ఫోన్ చేసి పోట్లాడాను.

"అక్కా, నీ మదర్‌బోర్డు పాతది. గల్లీల లారీ తెచ్చి పెట్టినా గల్లీ ఎడల్పు పెరుగుతదా? వచ్చిన కాడికి ఖుషీగుండు."

ఆ సగం వేగానికే నా కాళ్లు నేల మీద నిలవలేదు. గుమ్మంలోకి వచ్చినవాళ్లందరినీ కూర్చోబెట్టి, కంప్యూటరు ఆపి, వేసి చూపించేదాన్ని. జిరాక్సు కోసం వచ్చినవాళ్లకు కూడా ఈ ప్రదర్శన తప్పలేదు. బాపు "పిల్ల మేన..." అనేలోపు నమూనా కాగితం ప్రింటరులోంచి బయటపడి కస్టమరు చేతిలో ఉండేది. కొన్ని రోజులకు బాపు అడగడం మానేసి, పేపరు తీసుకుని గడప పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు. నాకు హాయిగానే ఉంది.

అట్లాంటి రోజుల్లోనే చొప్పదండి నుంచి ఒక రైతు తన బిడ్డ పెండ్లి పత్రికకు వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. పేర్లు నోటితో చెబుతుంటే నేను కొట్టుకుంటూ పోయాను. చాయ్ వచ్చేలోపు నమూనా అయిపోయింది. ఆయన చూసి, సంతకం పెట్టి, "మిషన్ లెక్కనే ఉన్నవ్ చెల్లె" అన్నాడు. అది మెచ్చుకోలని రెండు రోజులు మురిసిపోయాను. పత్రికలన్నీ అచ్చయి వెళ్లాయి.

వారం తిరక్కుండా ఆయన మళ్లీ వచ్చాడు. బాపు పక్కన బెంచీ మీద కూలబడ్డాడు.

"కాకా, మా బామ్మర్ది పేరు పడలే. పిల్ల సొంత మేనమామ."

హుస్నాబాద్‌లో ఉండే ఆ మేనమామకు పత్రిక పసుపు పూసి, బొట్టు పెట్టి ఇస్తే, ఆయన మొదటి నుంచి చివరి దాకా చదివి, తిరిగి పళ్లెంలో పెట్టాడట. "పత్రిక మంచిగుంది. ఎవల పెండ్లి?" అని అడిగాడట. మా వైపు పెండ్లిపిల్లను మండపానికి తీసుకొచ్చేది మేనమామే. మామ రాకపోతే పీటల మీద కూసోనని పిల్ల ఏడుస్తోందట. పెండ్లి ఇంకా పదిరోజులే ఉంది.

"నేనే చెప్పలే. మతికి రాలే. నువ్వు ఎప్పట్లెక్క అడుగుతవనుకున్న కాకా" అన్నాడు ఆయన.

బాపు పేపరు మడిచి పక్కన పెట్టాడు. తిట్టినా బాగుండేది. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తెర వైపే చూస్తూ కూర్చున్నాను. పిల్ల పెండ్లి నా గొప్పల వల్ల చెడేట్టుందని నాకు నిజంగా భయమేసింది.

బాపు హుస్నాబాద్‌కు ఫోన్ చేశాడు. "తమ్మీ, తప్పు మా దుకాణంది. పత్రికలన్ని మళ్ల ఏస్తున్నం. నువ్వొచ్చి నీ కండ్లతోని చూసి సరే అంటెనే అచ్చు. లేకుంటే మిషన్ ముట్టం."

మర్నాడు మధ్యాహ్నం మేనమామ వచ్చాడు. వచ్చిన పని మీద తప్ప దేని మీదా ఇష్టం లేనట్టు బెంచీ చివర కూర్చున్నాడు.

"తియ్యిన్రి చూస్త. నాకు బస్సున్నది."

పదకొండు సెకన్లలో చూపించి పంపిస్తే ఆ కోపం అలాగే బస్సెక్కుతుంది. బాపు నా వెనక నిలబడి మెల్లగా గొణిగాడు. "లేటు చెయ్యి."

ఇన్నాళ్లూ ఊరంతా చాటింపు వేసిన వేగాన్ని ఇప్పుడు ఎక్కడ దాచను? చెయ్యి చాపి తెర బటన్ నొక్కాను. నల్లబడింది.

"పాత కంప్యూటర్ అన్నా, ఇంకా లేస్తలేదు" అన్నాను. ఈ మాట నా నోటి నుంచి రావడానికి నా ప్రాణం ఎంత విలవిలలాడిందో నాకే తెలుసు.

చాయ్ వచ్చింది. బాపు తన పాత కొలువు ఎక్కాడు. పిల్ల చిన్నప్పుడు ఎట్లుండేది, ఎవరి దగ్గర చేరిక అని మొదలుపెట్టాడు. ఆయన మొదట ఊ కొట్టాడు. తర్వాత, పిల్లకు చెవులు కుట్టింది తన ఒడిలో కూర్చోబెట్టుకునే అన్నాడు. అప్పుడది తన చెయ్యి కొరికిందని మచ్చ చూపించాడు. రెండో చాయ్ వచ్చింది. నేను మధ్యమధ్యలో కీబోర్డు మీద ఉత్తుత్తినే కొడుతూ, "అబ్బా, ఇదొకటి" అని విసుక్కుంటున్నాను. నటన బాగానే కుదిరిందనుకున్నాను.

గంట గడిచాక ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"చెల్లె, గా తెర బటన్ నొక్కు. నువ్వు బంద్ చేసుడు నేను చూసిన."

బాపు గబగబా ఖాళీ గ్లాసు ఎత్తి తాగబోయాడు.

"హుస్నాబాద్‌ల నాది ఆన్‌లైన్ సెంటరే. నేను గూడ ఎస్ఎస్‌డీ ఏసుకున్న. లోపలికి వచ్చినప్పుడే నీ కంప్యూటర్ లేచే ఉన్నది."

"మరి అప్పుడే చెప్పకపోతివి అన్నా?" అని నసిగాను.

"చెప్తే లేచి పోవాల్సొస్తుండె. నాకు కోపం అచ్చులో పేరు లేదని గాదు చెల్లె. అందరి పేర్లు చెప్పేటప్పుడు ఒక్కలన్న జర ఆగి, ఇంకెవలన్న మిగిలిన్రా అనుకోలే. గిప్పుడు మీరిద్దరు గంట సేపటి సంది నాకోసం నాటకమాడుతున్నరు. మంచిగనిపిచ్చింది. కూసున్న."

ఆ ఆగాల్సిన మనిషి అక్కడ కీబోర్డు ముందే కూర్చుని ఉంది. నాకు చాలా సిగ్గేసింది. క్షమించమని అడిగాను. ఆయన బెంచీని నా దగ్గరికి జరుపుకున్నాడు.

"నా పేరు కొట్టు. మెల్లగ."

ఒక్కో అక్షరం ఆయన చెబుతుంటే కొట్టాను. గుడి ఎక్కడ, దీర్ఘం ఎక్కడ అని అడిగి మరీ కొట్టాను. ఆయన తెర మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నాడు. ఆ తర్వాత ఫోన్ తీసి మేనకోడలికి కలిపాడు.

"బిడ్డా, అన్నం తిన్నవా?"

అటు నుంచి ఆ పిల్ల ఏమందో మాకు వినపడలేదు. ఆయన మాత్రం చాలాసేపు, "వస్త బిడ్డా, నేనే తీస్కపోత" అంటూనే ఉన్నాడు.