మా ఆయన గుసగుస

మేము సూరత్‌ల నవాగామ్‌ల ఉంటం. మా ఆయన ఇరవై ఏండ్ల సంది సాంచెలు నడుపుతుండు. ఆ మరమగ్గాల మోతల మాట వినవడాలంటే అరువాల్సిందే. ఇంట్ల ఉప్పు అడిగినా వాడకట్టంత వింటది.

పోయిన దీపావళి సెలవులల్ల మా సేఠ్ పనోళ్ల కుటుంబాలను బస్సుల బరోడా తీస్కపోయి, రాజుగారి ప్యాలెస్ చూపిచ్చిండు. గోడలకు పెద్ద పెద్ద పటాలు. అందరు సప్పుడు చేయకుంట నడుస్తున్నరు. ఒక రాజు నిలువెత్తు పటం ముంగట మా ఆయన ఆగిండు. నా చెవుల మెల్లగ చెప్తున్న అనుకొని, పటం దిక్కు, సేఠ్ దిక్కు వేలు చూపిచ్చుకుంట, "జర జూడే, ఈయన బొజ్జ అచ్చం మన సేఠ్ బొజ్జ లెక్కనే ఉన్నది" అన్నడు.

హాలంత మోగింది. తెలుగు రాని సేఠ్ నన్ను పిలిచి, "క్యా బోలా?" అనడిగిండు. కొలువు పోయిందనుకున్న. "రాజుగారిని చూస్తే మీరే గుర్తొస్తున్నరట" అని హిందీల చెప్పిన.

సేఠ్ పటాన్ని పైకెల్లి కిందిదాంక చూసిండు. రాజు తీర్గనే నడుం మీద చెయ్యి పెట్టి నిలవడ్డడు. బొజ్జ ఇంకింత ముందటికొచ్చింది.

"చూసినవా, నేను చెప్పలే?" అన్నడు మా ఆయన. హాలు మళ్ల మోగింది.

నా హిందీతోని ఆ దినం కొలువు నిలవడ్డది. వచ్చే పండుగకు ఇంకో ప్యాలెస్ చూపిస్తనని సేఠ్ మాటిచ్చిండు. అందుకే మా ఆయన ఇప్పటి సంది ఇంట్ల మెల్లగ మాట్లాడుడు నేర్చుకుంటుండు. వాడకట్టంత వింటున్నది.