సీతాఫలం చెట్టు కింది పోచమ్మ

చంపాపేట్ మెయిన్ రోడ్డు వెనక ఓ పాత తోట ఉంది. ఎవరో నవాబు వేయించాడట. ఈ నగరమే ఒకప్పుడు తోటల నగరం. ఇప్పుడు చాలా తోటలు బస్సు స్టాపుల పేర్లలోనే మిగిలాయి. ఈ తోటకు మాత్రం ఓ గచ్చుగోడ మిగిలింది. దాని పక్కన ఓ సీతాఫలం చెట్టు, ఆ చెట్టుకు నీళ్లు పోసే అండాలమ్మ.

నల్లగొండ పల్లె నుంచి మొగుడు జానయ్యతో వచ్చి ఆ గోడవారనే గుడిసె వేసుకుంది. తొలిచూలు బిడ్డ పురిట్లోనే పోతే, జానయ్య అక్కడే గుంట తీసి పూడ్చాడు. పసిగుడ్డుకు సమాధి కట్టరు, గుర్తుకు రాయి కూడా పెట్టరు. కుక్కలు తవ్వకుండా రేగుకంప కప్పుతారు, అంతే. ఆ కంప పక్కన అండాలమ్మ సీతాఫలం గింజ పెట్టింది. మళ్లీ కడుపు పండలేదు. జానయ్య పోయాడు, గుడిసె పోయింది, ఆమె అపార్టుమెంట్లలో పాచిపనికి కుదిరింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెట్టుకు నీళ్లు మాత్రం మానలేదు.

పాత కట్టడాలు కాపాడేవాళ్లు వచ్చారు. తోటను పార్కు చేస్తామన్నారు. వేర్లు గోడ పునాదిలోకి పోతున్నాయని చెట్టు మీద ఎర్రరంగు గుర్తు వేశారు. చెట్టు కొట్టేస్తారట అని అండాలమ్మ తోటి పనిమనిషి కిష్టమ్మ దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది.

"గింతదానికి ఏడుస్తవేందే? చెట్టు మొదట్ల ఓ రాయి పెట్టి పసుపు కుంకుమ పుయ్యి, పోచమ్మ వెలిసిందను. సర్కారోడు గూడ చెప్పులిడిచి దండం పెట్టి పోతడు," అంది కిష్టమ్మ.

అండాలమ్మ అట్లాగే చేసింది. ఎర్రగుర్తు వేసినవాళ్లే చెట్టును వదిలి పార్కు నడకదారిని పక్కకు తిప్పారు. అండాలమ్మ కడుపునిండా తిన్న రోజులవి.

కానీ పోచమ్మ వెలిసిందంటే కాలనీ ఊరుకుంటుందా? సంఘం పెద్ద తిరుపతి చందాలు పోగుచేసి, మొదలు చుట్టూ సిమెంటు గద్దె పోయించి, టైల్స్ తెప్పించాడు. నీళ్లు దిగే దారిలేక ఆకులు పండబారాయి. మొదలు దగ్గర జర మట్టి వదలమని ఆమె బతిమాలింది.

"రేకులేస్తున్నం గద అండాలమ్మా, ఇంక నీడకు చెట్టెందుకు? అమ్మవారిని నిలబెట్టిందే నువ్వు. నువ్వే అడ్డం పడ్తవా?" అన్నాడు తిరుపతి.

అసలు సంగతి నోటిదాకా వచ్చింది. శవం పూడ్చిన చోటని తెలిస్తే గద్దె పగలగొట్టి, అడుగు మట్టి తోడి, లారీకెత్తి పారబోయిస్తారు. ఆ మట్టిలో ఏముంటుందో ఆమెకు తెలుసు. మాట మింగేసింది.

ఎండిన చెట్టును సంఘమే కోయించింది.

ఆషాఢంలో బోనాలు వచ్చాయి. గద్దె మీద ఓ పక్కన, తనకు మాత్రమే తెలిసిన చోట అండాలమ్మ కూర్చుని ఉంది. బోనం దించిన ఓ కొత్త కోడలు సిగ్గుపడుతూ దగ్గరకొచ్చింది. "పెద్దమ్మా, గీ అమ్మ పిల్లలనిస్తదంట గద? యాడ మొక్కాలె?"

అండాలమ్మ పక్కకు జరిగి, తాను కూర్చున్న టైల్స్ చేత్తో తుడిచింది.

"ఈడ మొక్కు బిడ్డా," అంది.