మామ గడ్డం, నేను రాసిన మాట

మొన్న ఒక పెద్ద సినిమా హీరో ఏదో సభలో నర్సుల మీద నోరు జారాడు. రెండు రోజుల్లో మా మెదక్ చౌరస్తాలో కూడా ఆయన దిష్టిబొమ్మ తగలబడింది. పొద్దున నాతో నడకకు వచ్చే మిత్రుడు, చీమ కనబడితే పక్కకు తప్పుకునే మనిషి, ఆ హీరో నాలుక కోయాలని వాట్సాప్‌లో రాశాడు. మూడో రోజు ఆ హీరో వీడియోలో కనిపించి, ఆ మాట తనది కాదనీ, ఎవరో రాసిస్తే చదివాననీ చెప్పినప్పుడు మాత్రం కుర్చీలో కొంచెం సర్దుకుని కూర్చున్నాను. ఒకప్పుడు ఆ ఎవరో నేనే.

మా మేనమామ నాటకాల్లో ఆడవేషం కట్టేవాడు. పాపన్నపేట నుంచి తూప్రాన్ దాకా ఆయన వస్తున్నాడంటే జనం పొలం పనులు ఆపుకుని వచ్చేవారు. నేను అప్పుడే డిగ్రీ పూర్తిచేసి బడిలో పంతులుగా చేరి, లోకంలోని హాస్యమంతా నా జేబులోనే ఉందనుకుంటున్న రోజులవి. నవ్వులు తగ్గుతున్నాయని మామ అంటే, చదువబ్బనోని చేతికి దేవుడు కత్తెర ఇస్తడని ఒక మాట రాసిచ్చాను. జనం పడీపడీ నవ్వారు. నవ్వనిది ముందు వరసలో కూర్చున్న మా వీధి మంగలి, ఆయన పక్కన పదో తరగతి చదువుతున్న ఆయన కూతురు. ఆ పిల్ల తల దించుకోవడం తెర పక్క నుంచి చూశాను. చూసి ఊరుకున్నాను.

మర్నాటి నుంచి ఊళ్లో ఏ దుకాణంలోనూ మామకు గడ్డం గీయలేదు. అరుపుల్లేవు, తిట్లు లేవు. వేదిక మీద నా ఇష్టమొచ్చింది అంటాను, నా నోరు మూయించడానికి మీరెవరని మామ ఆ మంగలి దుకాణంలోకి పోయి గట్టిగానే అడిగాడు. మంగలి కత్తి నూరుతూ తలెత్తకుండా అన్నాడు.

“నీ నోరు నీ ఇష్టం పటేలా. నా కత్తి నా ఇష్టం.”

నాలుగో రోజు రామాయంపేటలో నాటకం. పోనీ అక్కడ గీయించుకుందామని ఒక రోజు ముందే పోతే, కబురు బస్సుకంటే ముందే దిగింది. సొంతంగా ప్రయత్నించేసరికి మా రాజకుమారి యుద్ధం నుంచి తిరిగొచ్చినట్టు తయారైంది, అదీ సగం గడ్డంతో.

నాలుగో రోజు పొద్దున మామ ఊరికి తిరిగొచ్చి, మళ్లీ ఆ దుకాణానికే పోయి, ఆ కూతుర్ని కూడా పిలిపించి, అందరి ముందు తప్పయిందన్నాడు. రాసింది నేనని చెప్పలేదు. గడప దగ్గరే నిలబడిన నేనూ చెప్పలేదు. మంగలి వేడినీళ్లు తెచ్చి, మెడ జర పైకెత్తమన్నాడు.

మామ పోయిన చాలా ఏళ్లకు, అదే కుర్చీలో నా గొంతు మీద కత్తి ఉండగా, మంగలి మెల్లగా అన్నాడు.

“గా మాట రాసింది నువ్వేనని నాకు అప్పుడే ఎరుక సారూ. మీ మామకు గంత తెలివెక్కడిది.”

నేను కదల్లేదు. కదలడం ఆ సమయంలో అంత మంచిది కూడా కాదు. కత్తి పక్కకు జరిగాక తప్పయిందన్నాను.

“నాకెందుకు? బిడ్డకు చెప్పు.”

ఆమె అప్పటికి తూప్రాన్‌లో టీచరు. ఆదివారం బస్సెక్కి పోయి చెప్పాను. ఆమె చాయ్ ఇచ్చింది. నవ్వలేదు. మెదక్ బస్సు ఎన్నింటికో చెప్పి, స్టాండు దాకా తోడు వచ్చింది.

ఆ హీరో మీద ఇప్పుడు లక్షల మంది కోపంగా ఉన్నారట. ఎదురుగా నిలబడి తప్పయిందని చెప్పాలంటే ఏ ఊరి బస్సెక్కాలో, పాపం, ఆయనకు ఎవరు చెబుతారు?