నన్ను తోసే పని

పన్నెండేళ్ళు ఒక సంస్థ జట్టులో సెంటర్‌గా ఆడాను. బాస్కెట్‌బాల్‌లో సెంటర్ అంటే రింగు కింద నిలబడే మనిషి. బంతి ఎవరు ఎక్కడినుంచి విసిరినా చివరికి రావలసింది ఆ చోటికే. ఆ చోటు కోసం అవతలి సెంటర్ తుంటితో, భుజంతో, ముంజేతితో మనల్ని నెడుతూనే ఉంటుంది. మనం కదలకూడదు. కదిలితే ఎంత పొడుగుండి ఏం లాభం? ఈ సంగతి ఈ రోజు ఎవరికైనా నేర్పగలను. ఇరవయ్యో ఏట, విశాఖపట్నంలో ఆ జట్టు సెలక్షన్లకు మొదటిసారి వెళ్ళినప్పుడు మాత్రం నాకు తెలియదు.

ఆ రోజు నా ఎదుట నిలబడింది ఆ జట్టు పాత సెంటర్. నాకంటే పదమూడేళ్ళు పెద్దది, రెండంగుళాలు పొట్టి. రెండు మోకాళ్ళకూ పట్టీలున్నాయి. బంతి గాలిలో ఉండగా తుంటితో ఒక్కసారి తాకింది. నేను కూలబడ్డాను. లేచాను. మళ్ళీ తాకింది, మళ్ళీ పడ్డాను. మూడోసారి ఏకంగా గీత అవతల తేలాను.

కోచ్ ఈల ఊది దగ్గరికి వచ్చారు.

"అమ్మాయీ, నిన్ను ఇదివరకెప్పుడూ ఎవరూ తొయ్యలేదా?"

"లేదండి. మమ్మల్నెవరూ తొయ్యరు," అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నేను చెప్పింది నిజం.

కోచ్ కూడా నవ్వలేదు. "చేతులు మంచివి. సమయానికి ఎగురుతున్నావు. కానీ నిలబడటం రాదు నీకు. జట్టులో సెంటర్‌కి ఒక్క చోటు ఖాళీ కాబోతోంది. మూడు నెలల తర్వాత ఇంకొక్కసారి చూస్తాను. అప్పుడూ ఇలాగే పడితే ఇక రావద్దు," అన్నారు.

ఆయన మాటల్లో దయా లేదు, కోపమూ లేదు. అది నాకు నచ్చింది.

మాది నెల్లిమర్లకు దగ్గర్లో ఒక చిన్న జమీందారీ. నేను పుట్టేనాటికి భూములూ లేవు, దివాణమూ లేదు. దివాణం ఉన్న చోట ఒక ఫంక్షన్ హాలు లేచింది. నాన్న బియ్యం మిల్లులో సూపర్‌వైజరు. రెండు గదుల అద్దె ఇంట్లో నాన్న, అమ్మ, నాయనమ్మ, నేను. అయినా ఊళ్ళో మమ్మల్ని 'దివాణం వారు' అనే అనేవారు. నాయనమ్మ నన్ను ఆ పేరుకు తగినట్టే పెంచింది. పీట మీద కూర్చున్నా, పంపు దగ్గర బిందెతో నిలబడ్డా వెన్ను వాలకూడదు. వాలితే వెనకనుంచి రెండు వేళ్ళతో పొడిచేది. బళ్ళో నా పొడుగు చూసి పిల్లలు నవ్వుతున్నారని ఏడిస్తే, "వాళ్ళు తలెత్తి చూడాలి. అది వాళ్ళ ఇబ్బంది, నీది కాదు," అంది. ఆ తర్వాత నేను ఎప్పుడూ భుజాలు ముడుచుకుని నడవలేదు.

హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు నన్ను బాస్కెట్‌బాల్‌లో పెట్టారు. ఎనిమిదేళ్ళు ఆడాను. మా చుట్టుపక్కల ఊళ్ళ పోటీల్లో రింగు కింద నాకు ఎదురే లేదు. ఎదురు ఎందుకు లేదో విశాఖపట్నంనుంచి తిరిగివస్తూ, రైలు తలుపు దగ్గర నిలబడి ఆలోచిస్తే తెలిసింది. నాతో ఆడిన పిల్లలంతా ఒకప్పుడు మా పొలాలు చేసిన రైతుల మనవరాళ్ళు. నేను బంతి కోసం వస్తే పక్కకి జరిగేవారు. పొరపాటున మోచెయ్యి తగిలితే ఆట ఆపి, "తగిల్నాదేటండి?" అని అడిగేవారు. మాస్టారు కూడా, "ఒసే, సూసుకుని ఆడండే, పక్కన ఎవులున్నారో," అని వాళ్ళనే కేకలేసేవారు. ఇదంతా నా ఆట గొప్పతనం అనుకున్నాను. ఎనిమిదేళ్ళపాటు అందరూ నాకు దారి ఇస్తే, నిలబడటం ఎవరు నేర్పాలి?

మా జిల్లాల్లో అమ్మాయిలకు జీతమిచ్చి ఆడించే జట్టు ఇంకొకటి లేదు. ఆ చోటు నాకు కావాలి. తాతల పేరు చెప్పుకోకుండా నాకంటూ దొరకబోతున్న మొదటి చోటు అది. అంతకుమించి కారణం అక్కర్లేదు.

మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆడపిల్లలు బరువులెత్తడం మామూలు విషయం. అలాంటి ఒకమ్మాయి, నాకంటే రెండేళ్ళు పెద్దది, మణికట్టు దెబ్బతిని పోటీలు మానేసింది. పోలీసు సెలక్షన్ల కోసం రోజూ పొద్దున్నే హైస్కూలు మైదానంలో పరిగెత్తేది. పొట్టి మనిషి, నా భుజం దాకా రాదు. నడుస్తుంటే మాత్రం నేల ఆమెకు బాగా తెలిసినట్టు ఉండేది. విశాఖపట్నంనుంచి వచ్చిన మర్నాడు వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాను. ఆమె బూటు లేసు కట్టుకుంటోంది.

"నన్ను తొయ్యాలి," అన్నాను.

"ఎవుల్ని?"

"నన్ను. ఆ రింగు కింద గీతలోంచి బయటికి. నీకెంత బలముంటే అంతా పెట్టి."

"ఏటి సిన్నమ్మగారూ, పొద్దున్నే పరాసికాలా?"

"పరాచికం కాదు. మూడు నెలలు, రోజూ ఆరింటికి."

ఆమె లేసు వదిలేసి లేచింది. "మిమ్మల్ని తొయ్యడమేటండి. మా తాత మీ దివాణం సావిట్లో సెప్పులిడిసి నిల్సున్నోడు. మాయమ్మకి తెలిస్తే నన్ను గుమ్మంలోకి రానీదు."

"చేతకాదేమోలే."

ఆ మాట తగిలింది. "నూరు కేజీలెత్తినదాన్ని. మీరెంతుంటారు, డెబ్బయ్యా? ఎత్తి ఆ గోడవతల దించీగల్ను. సేతకాక కాదు, సెయ్యి రాదు," అంది.

అయినా ప్రయత్నించింది. దగ్గరికి వచ్చి, ఇస్త్రీ చేసిన బట్ట మీద చెయ్యి వేసినట్టు నా భుజం తాకింది. రెండోసారి ఇంకొంచెం గట్టిగా, తలుపు తడుతున్నట్టు. మూడోసారి చెయ్యి దించేసి నవ్వింది.

"అవదండి. సిన్నమ్మగారూ అన్న నోటితో తొయ్యలేను. పిలుపు అడ్డొస్తన్నాది."

"అయితే ఏమని పిలుస్తావు?"

"ఒసే అంటాను. ఒప్పుకుంతారా?"

నన్ను మా నాన్న కూడా ఒసే అనలేదు. రింగు కింద సున్నంతో గీసిన నలుచదరపు గీత చూపించి, "దీని లోపల మాత్రమే," అన్నాను.

"గీత దాటితే?"

"దాటితే ఎప్పటిలాగే."

"సరేనండి," అని గీత లోపల కాలు పెట్టి, "ఒసే, కాసుకో," అంటూ తుంటి మీద ఒక్కటి వేసింది. రెండు గజాల దూరంలో పడ్డాను. మోచెయ్యి దోక్కుపోయింది. ఆమె గబగబా గీత దాటి వచ్చి వంగి, "దెబ్బ తగిల్నాదా సిన్నమ్మగారూ?" అని అడిగింది. లేదన్నాను. మళ్ళీ లోపలికి వెళ్ళి, "మరి లెగవే, అక్కడేటి సేస్తన్నావు," అంది.

మొదటివారం పడటంతోనే సరిపోయింది. ఆమె ఊరుకునే రకం కాదు, తోస్తూ చెప్పేది.

"తాటిసెట్టులాగ నిల్సుంటే గాలికే పడతావు. కూకో."

"ఎక్కడ?"

"కుర్సీ ఉన్నాదనుకుని కూకో. మోకాళ్ళొంచు. ఇంకా దిగు. ఇంకా. బరువు మడమల్లో ఉండాల."

నేను దిగేసరికి నడుం ముందుకు వంగింది. వెంటనే అరచేత్తో వీపు మీద కొట్టింది.

"ఎన్ను వంచకు. ఎన్ను వంగిందంటే ఎంత బలమున్నా దండగ. మోకాళ్ళు వంగాల, ఎన్ను నిలబడాల. అదేనే ఎత్తడమంటే."

ఆ మాట విన్నాక నాకు భయం పోయింది. నా దగ్గర లేనివి మోకాళ్ళే. వెన్ను ఇరవయ్యేళ్ళుగా తయారై ఉంది. ఆమెతోపాటు బరువులెత్తడం నేర్చుకున్న అమ్మాయిలందరూ వెన్ను నిలపడానికే ఏడాది తీసుకున్నారట. నాకు ఒక్కరోజు కూడా పట్టలేదు. మోకాళ్ళకు నెలన్నర పట్టింది. ఇంట్లో పళ్ళు తోముకుంటున్నా, అన్నం ఉడుకుతుంటే చూస్తున్నా, కుర్చీ లేకుండా కూర్చునేదాన్ని. అమ్మ విసుక్కుని, "ఏమిటే ఆ కూర్చోవడం, చూడలేకపోతున్నాను," అనేది.

జట్టులో చేరిన తర్వాతి ఏళ్ళలో ఢిల్లీలో, కేరళలో, ఛత్తీస్‌గఢ్‌లో ఎందరో తోశారు. వేళ్ళు రెండు విరిగాయి, ముక్కు ఒకసారి. స్లీపర్ బెర్తు నాకు ఎన్నడూ సరిపోలేదు. కాళ్ళు దారిలోకి పెట్టుకుని దేశమంతా తిరిగాను. సెంటర్ చేసే పనిలో సగం ప్రేక్షకులకు కనిపించదు. మన జట్టు అమ్మాయి బంతితో దూసుకుపోతుంటే, ఆమె వెంటపడినవాళ్ళకు అడ్డంగా గోడలా నిలబడాలి. వాళ్ళు వచ్చి మన పక్కటెముకలకు గుద్దుకుంటారు. చప్పట్లు బంతి వేసిన అమ్మాయికి. నాకు ఆ లెక్క ఎప్పుడూ తప్పుగా తోచలేదు. నేను నిలబడినందుకే ఆమె వెళ్ళిందని ఆమెకు తెలుసు, నాకు తెలుసు.

మైదానంలో తోయించుకోవడం మొదలుపెట్టి రెండు నెలలు తిరక్కుండానే సంగతి ఆ బరువులెత్తే అమ్మాయి తల్లికి తెలిసింది. ఒకరోజు ఉదయం ఆవిడ మా ఇంటి ముందు చెప్పులు విడిచి, గుమ్మం బయట నిలబడింది. నాయనమ్మ లోపల కుర్చీలో ఉంది. నేను తలుపు పక్కన.

"అమ్మగారూ, మా పిల్ల తప్పు సేసీసినాది. సిన్నమ్మగారిని తోసిందట. ఒసే అని కూడా అన్నాదట. ఈదంతా అనుకుంతన్నారు. దాని తరపున నాను దండం పెడుతున్నాను."

నాయనమ్మకు నేను ఏమీ చెప్పలేదు. దెబ్బలు చూసింది కానీ అడగలేదు. ఇప్పుడు నా వైపు తిరిగింది.

"తొయ్యమని నువ్వు అడిగావా?"

"అడిగాను."

"దేనికి?"

"ఆ జట్టులో చోటు కోసం. నిలబడటం నేర్చుకుంటే తీసుకుంటామన్నారు."

నాయనమ్మ ఆవిడను చూసింది. "మీ పిల్ల తోస్తే పడిందా?"

"పడ్డారటమ్మా. శానాసార్లు."

"లేచిందా?"

"లెగిసారట."

"ఇప్పటికీ పడుతోందా?"

ఆవిడ ఇబ్బందిగా నన్ను చూసింది. "మొన్నట్నుంచి మా పిల్లే ఎనక్కి పోతన్నాదట. ఆయాసం వస్తన్నాదంది."

నాయనమ్మ, ఒకప్పుడు దివాణంలో ఎవరికి ఏ పని అప్పగించాలో చెప్పే గొంతుతో అంది: "అయితే తోసే పని మీ ఇంటికే ఇస్తున్నాను. ఇంకెవరికీ ఇవ్వను. ఆ ఒసే మాట ఏమిటంటావా, పని చేసేటప్పుడు పనికి ఏ మాట కావాలో అదే అనాలి. వెళ్ళి సరిగ్గా తొయ్యమను."

ఆవిడ దండం పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళింది. ఎవరికైనా పని ఇవ్వడానికి మా దగ్గర ఏమీ మిగల్లేదని ముగ్గురికీ తెలుసు. అయినా నాయనమ్మ ఇచ్చింది, ఆవిడ తీసుకుంది. మర్నాటినుంచి ఆ అమ్మాయి తోయడంలో మొహమాటం పూర్తిగా పోయింది. చివరి పదిహేను రోజులూ ఇద్దరు స్నేహితురాళ్ళను కూడా వెంటబెట్టుకొచ్చింది. ముగ్గురూ కలిస్తే తప్ప నేను కదల్లేదు. ఆమె ఆ ఏడాదే పోలీసు ఉద్యోగంలో చేరింది.

మూడు నెలలు నిండిన రోజు విజయనగరంలో రైలెక్కి విశాఖపట్నం వెళ్ళాను. అదే కోర్టు, అదే పాత సెంటర్. నన్ను గుర్తుపట్టింది.

"మళ్ళీ వచ్చావా పాపా? దెబ్బలు మానాయా?"

"మానాయండి."

ఆట మొదలైంది. ఆమె మొదటి తాకిడికి నేను కదల్లేదు. ఆమె ఒక్క క్షణం ఆగింది, పొరపాటున స్తంభాన్ని గుద్దుకున్న మనిషిలాగ. రెండోసారి వేగం తీసుకుని వచ్చింది. పడతాననే అనుకున్నాను. అర అడుగు జరిగాను, మడమలు నిలబడ్డాయి, ఆ అర అడుగూ తిరిగి తీసుకున్నాను. ఈలోగా బంతి రింగుకు తగిలి పైకి లేచింది. ఎగిరి అందుకున్నాను. మొదటి షాట్ తప్పింది. తప్పిన బంతి కూడా నేనే అందుకుని మళ్ళీ రింగులోకి వేశాను. పడింది.

ఇరవై నిమిషాలు ఆడించారు. ఆమెకు పదేళ్ళ అనుభవం ఉంది. మోచెయ్యి ఎక్కడ పెడితే ఈల మోగదో తెలుసు. రెండుసార్లు నన్ను ఏమార్చి బంతి వేసింది. ఒకసారి నా జెర్సీ పట్టుకుని లాగింది కూడా. కానీ నేను నిలబడిన చోటినుంచి నన్ను బయటికి పంపలేకపోయింది. చివరి నిమిషాల్లో ఆమె తొయ్యడం మానేసింది. ముంజెయ్యి నా వీపుకు ఆనించి, తన బరువంతా నా మీద వేసి ఊపిరి తీసుకుంటోంది. ఆమె పట్టీల కింద మోకాళ్ళు వణకడం నా తొడలకు తెలుస్తోంది. కోచ్ చెప్పిన, ఖాళీ కాబోయే చోటు ఎవరిదో నాకు అప్పుడు తెలిసింది. పక్కకి తప్పుకుంటే ఆమె పడిపోయేది. తప్పుకోలేదు. బంతి అవతలివైపు ఉన్నంతసేపూ ఆమెను మోస్తూ అలాగే నిలబడ్డాను.

"ఎవరు నేర్పారు పాపా నీకు?" అంది మెల్లిగా, నా చెవి వెనకనుంచి.

"మా ఊరి అమ్మాయండి."

"బాగా నేర్పింది. ఎడమవైపు నా దెబ్బకి కొంచెం లేస్తున్నావు. దిగు."

దిగాను. కోచ్ ఈల ఊదారు. ఆయన కాగితం మీద ఏదో రాసుకుని, తలెత్తకుండానే, సోమవారం పొద్దున్న ఆరింటికి ప్రాక్టీసు అన్నారు. నేను అయిదున్నరకే వెళ్ళాను. కోర్టు తాళం అప్పుడే తీశారు. ఎవరూ రాలేదు. రింగు కిందికి వెళ్ళి, మోకాళ్ళు వంచి, ఎడమవైపు ఇంకొంచెం దిగి నిలబడ్డాను.